చేబదులు లిఫ్టులు

పోయినవారం చిన్నమ్మాయిని మూడో అంతస్తుకూ నాలుగో అంతస్తుకూ మధ్య, చీకటి లిఫ్టులో నిలబెట్టి వచ్చేశాం. మర్యాద కాదు గాని, ఇచ్చిన పేజీలు అక్కడికే నిండిపోయాయి. కథ అంతదాకా ఎలా వచ్చిందో మరచిపోయినవారి కోసం రెండు ముక్కలు.

చిన్నమ్మాయికి నలభై దాటాయి. తండ్రి లిఫ్టులు బాగుచేసే షాపులో గౌను వేసుకుని స్పానర్లతో ఆడుకున్న రోజుల్లో పడిన పేరు ఆ వ్యాపారంలో ఆమెను ఇంకా వదల్లేదు. మర్యాద చూపాలనుకున్నవాళ్లు దానికే 'గారు' తగిలిస్తారు. ఊరంతా చెల్లాచెదురుగా అలాంటి షాపులే. ఇద్దరు మెకానిక్కులు, ఒక స్కూటరు, ఒక బోర్డు, అంతే ఆస్తి. వాటిని ఒక్కొక్కటిగా బతిమాలి, ఒప్పించి ఒకే కంపెనీగా కలిపింది చిన్నమ్మాయి. షాపు ఇచ్చినవాళ్లకు డబ్బుకు బదులు కంపెనీలో వాటాలు. విడిపూలకు ఒక ధర, దండకు ఒక ధర కదా. కంపెనీ స్టాక్ మార్కెట్టుకెక్కితే ఆ వాటాల విలువ పదింతలవుతుంది. ఎక్కించే కాగితాల మీద, అందులో ఉన్నదంతా నిజమని, ఆమె ఆ మధ్యాహ్నమే సంతకం పెట్టాలి. పెట్టకపోతే గడువు దాటిపోతుంది. దాటితే, మొదట పెట్టుబడి పెట్టిన పెద్దమేడమ్‌కు ఆమెను కుర్చీలోంచి లేపే హక్కు వస్తుంది. అలాగని ఒప్పందంలో రాసుకున్నారు.

సంతకానికి ముందు మా పనితనం ఒకసారి కళ్లారా చూడండని ఆమె, కంపెనీని మార్కెట్టుకెక్కించే బ్యాంకరును వెంటబెట్టుకెళ్లి తమ లిఫ్టే ఎక్కించింది. అది కాస్తా మధ్యలో ఆగి ఊరుకుంది. ఇంతవరకైతే నవ్వి ఊరుకోవచ్చు. కానీ ఆమె సెల్‌ఫోన్ వెలుతురు మీటల పక్కకు మళ్లించేసరికి అక్కడ బిగించిన ఇత్తడి రేకులు రెండు కనిపించాయి. ఇది మా షాపు చూసుకునే లిఫ్టు అని ఎవరికి వారు బిగించుకునే రేకులవి. లిఫ్టుకు ఒకటే ఉండాలి. ఇక్కడ రెండు షాపుల పేర్లున్నాయి, రెండూ ఆమె కంపెనీలో కలిసిన షాపులే.

వెంటనే ఫోన్ లైటు ఆర్పేసింది. బ్యాంకరు చూశాడా లేదా తెలియదు. చీకట్లో అతను జేబురుమాలుతో మెడ తుడుచుకుంటున్న చప్పుడు మాత్రం వినబడుతోంది. గాలి ఆడుతుందా అని రెండుసార్లు అడిగాడు. ఆడుతుందని ఆమె రెండుసార్లూ చెప్పింది. ఆమె బుర్ర మాత్రం అక్కడ లేదు. రేకులు రెండుంటే లెక్కలో ఈ లిఫ్టు ఎన్నిసార్లుంది? తూర్పు బ్రాంచి కింద ఒకటి, పడమటి బ్రాంచి కింద ఒకటి. కంపెనీకి ధర కట్టింది లిఫ్టుల లెక్కమీద. ఒక్కటైతే పొరపాటు అనుకోవచ్చు. ఒక్కటేనా?

కాసేపటికి పైన మెషిన్ రూములో చప్పుడైంది. ఎవరో బ్రేకు వదిలి చక్రం చేత్తో తిప్పుతున్నారు. లిఫ్టు అంగుళం అంగుళం దిగి మూడో అంతస్తు దగ్గర ఆగింది. బయటినుంచి తాళంచెవితో తలుపు తెరిచినవాడు సోడాబుడ్డి. కళ్లద్దాల మందం వల్ల వచ్చిన పేరు. చక్రం తిప్పినవాడు గుడ్డతో చేతులు తుడుచుకుంటూ మెట్లు దిగి వచ్చాడు, అతన్ని పొడుగాయన అంటారు. ఒకరిది తూర్పు బ్రాంచి, ఇంకొకరిది పడమటి బ్రాంచి. ఇద్దరూ ఆమె పిలవకుండానే వచ్చారు. కాపలా మనిషి ఇద్దరికీ ఫోన్ చేశాడట, అలవాటుగా.

ఆమె బ్యాంకరును అతని కారులో ముందుగా సంతకాల సభకు వెళ్లమని పంపేసి, అతని అడుగుల చప్పుడు వినబడనంత దూరం పోయాక అడిగింది.

"ఈ లిఫ్టు ఎవరిది?"

"నాదే," అన్నారు ఇద్దరూ ఒక్కసారే. తర్వాత ఒకరి మొహం ఒకరు చూసుకుని సిగ్గుపడ్డారు.

"నాదేనమ్మా," అన్నాడు సోడాబుడ్డి. "ఈయన దగ్గర చేబదులుగా ఉంది."

చేబదులంటే మనకు తెలిసింది డబ్బే. పొరుగువాడి దగ్గర కాగితం లేకుండా, వడ్డీ లేకుండా తీసుకునేది. లిఫ్టుల వాళ్లు లిఫ్టుల్నే అలా ఇచ్చుకుంటారు. ఒకడి మెకానిక్కు మానేస్తాడు, ఒకడు జబ్బు పడతాడు, ఒకడికి ఆ వీధి దూరమవుతుంది. అప్పుడు దగ్గర్లో ఉన్నవాడికి అప్పజెప్తాడు. తీసుకున్నవాడు నూనె పెడతాడు, తాడు చూస్తాడు, నెలజీతం పుచ్చుకుంటాడు. తన రేకు బిగించుకున్నా, ఇచ్చినవాడి రేకు మాత్రం ఊడదీయడు. ఎప్పుడు అడిగితే అప్పుడు తిరిగి ఇచ్చెయ్యాలి. ఇరవయ్యేళ్లయినా అడగనివాళ్లున్నారు. నీవి ఎన్ని బయట ఉన్నాయని మాత్రం ఒకరినొకరు అడగరు. అడిగితే, ఇంట్లో బియ్యం ఎన్నున్నాయని అడిగినంత తప్పు. చిన్నమ్మాయి పుట్టి పెరిగింది ఈ వ్యాపారంలోనే అయినా, మగవాళ్లు టీకొట్టు దగ్గర తేల్చుకునే ఆ సంగతి ఆమె చెవిన పడలేదు.

పొడుగాయన గొంతు తగ్గించి ఇంకో సంగతి చెప్పాడు. ఆగింది బ్రేకు కాయిలు మాడి, ఫ్యూజు ఎగిరిపోయి. అది పెద్ద విషయం కాదు. పైన తాడు చూస్తే పోగులు లేచి ఉన్నాయి. నెలనెలా చూడాల్సిన తాడు. ఎవరు చూశారని ఆమె అడిగితే మళ్లీ ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. సోడాబుడ్డి చూసి ఉంటాడని పొడుగాయన అనుకున్నాడు. పొడుగాయన చూసి ఉంటాడని సోడాబుడ్డి అనుకున్నాడు. ఇదివరకైతే సాయంత్రం ఫోన్ చేసుకుని చెప్పుకునేవాళ్లు. కంపెనీ అయ్యాక హెడ్డాఫీసు చూసుకుంటుంది కదా అని ఫోన్లు మానేశారు. ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందని పెద్దలు ఊరికే అనలేదు.

చిన్నమ్మాయి గోడకు చెయ్యి ఆనించింది. ఆ తాడుకే వేలాడుతూ ఇంతసేపు తను లోపల నిలబడింది. భయం అప్పుడు పట్టుకుంది. ఆ లిఫ్టు తాళం వేసి తాడు మార్చేదాకా తెరవొద్దని ఇద్దరికీ చెప్పి, ఇలాంటివి ఎన్నున్నాయని అడిగింది.

సోడాబుడ్డి కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో తుడిచాడు. "అది అడక్కూడదమ్మా," అన్నాడు. "మీ మామయ్యకైతే తెలిసుంటుంది."

మామయ్య ఆమె తల్లికి తమ్ముడు, ఆ వ్యాపారంలో సగంమందికి గురువు. తండ్రి పోయాక ఆమెకు పని నేర్పిందీ, చిన్న షాపుల వాళ్లందరి దగ్గరికీ తిరిగి 'మా అమ్మాయికి ఇవ్వండి, నాది పూచీ' అని చెప్పిందీ ఆయనే. వాళ్లు షాపులు ఇచ్చింది ఆమె లెక్కలు చూసి కాదు. మామయ్య మొహం చూసి ఇచ్చారు. అది చిన్నమ్మాయికి తెలుసు, ఒప్పుకోవడానికి మాత్రం ఇష్టపడదు.

ఆయన షాపు రెండు వీధుల అవతల. బోర్డు మీద కంపెనీ కొత్త పేరు రాశారు, లోపల ఏమీ మారలేదు. తాడు చుట్టలు గోడ పొడవునా వేలాడుతున్నాయి. నేల నల్లగా, నున్నగా ఉంది. మామయ్య పాత మోటారు ఒకటి తిరగేసి దాని మీద కూర్చుని తలుపు రోలరు ఒకటి అరగదీస్తున్నాడు. సంతకాల సభకు వేసుకోవాల్సిన ఇస్త్రీ చొక్కా మేకుకు వేలాడుతోంది.

"చేబదులువి మొత్తం ఎన్నుంటాయి మామయ్యా?"

ఆయన ఆకురాయి ఆపలేదు. "ఎవరు చెప్పారు?"

"లిఫ్టే చెప్పింది."

రోలరు వెలుతురుకు ఎత్తి చూసుకుని, మళ్లీ దించి, "ఆరింట ఒకటుంటుంది, అటూ ఇటూగా," అన్నాడు.

ఆమె నేలమీదున్న తాడు చుట్ట మీద కూలబడింది. ఆరింట ఒకటి. ఆ మధ్యాహ్నం సంతకం పెట్టబోయే కాగితాల్లో మొదటి పేజీ మీద పెద్ద అక్షరాలతో ఉన్న లిఫ్టుల సంఖ్యలో ఆరో వంతు గాలి. లిఫ్టుకు వచ్చే ఆదాయం కాస్త తక్కువగా కనిపిస్తోందని ఆడిటర్లు ఒకసారి అన్నమాట వాస్తవమే. అంటే రేట్లు పెంచుకోవడానికి బోలెడు అవకాశం ఉందన్నమాట అని బ్యాంకరు దాన్ని అందంగా రాసుకొచ్చాడు. అందరూ తలలూపారు. ఆమె కూడా ఊపింది.

షాపుషాపుకూ తిరిగి లెక్క తెచ్చింది మామయ్యే. ఎన్నున్నాయని అడిగితే ఇచ్చినవాడు ఇచ్చినవాటితో కలిపి చెప్పాడు, ఎందుకంటే అవి అతనివి. పుచ్చుకున్నవాడు పుచ్చుకున్నవాటితో కలిపి చెప్పాడు, ఎందుకంటే అవి అతని చేతిలో ఉన్నాయి. ఎవరూ అబద్ధం ఆడలేదు. రెండు వైపులా తెలిసినవాడు మామయ్య ఒక్కడే.

"తెలిసి ఎందుకు చెప్పలేదు?"

"ఎవరి లెక్కలోంచి కొట్టెయ్యమంటావు?" అన్నాడు మామయ్య. "ఇచ్చినవాడి లెక్కలోంచి తీసేస్తే, నీది ఇక నీది కాదని చెప్పినట్టు. పుచ్చుకున్నవాడి లెక్కలోంచి తీసేస్తే, ఇన్నేళ్లూ నువ్వు మోసింది ఊరికేనని చెప్పినట్టు. ఆ మాట నా నోటితో ఎలా అనను? ఇద్దరూ నా చేతికింద పని నేర్చుకున్నవాళ్లు. పెళ్లికొడుకు మంచోడా అంటే మంచోడే అన్నట్టు, ఇద్దరి లెక్కా సరే అన్నాను."

"అది పెళ్లి కబురు కాదు మామయ్యా. నా సంతకం."

ఆయన మళ్లీ రోలరు మీద ఆకురాయి ఆడించాడు. ఆమెకు కోపం వచ్చింది. ఆయన మీద ఆమెకు కోపం రావడం అరుదు. వచ్చినా లోపలే దాచుకునేది, ఈసారి దాచుకోలేదు.

"తాడు పోగులు లేచాయి," అంది. "ఇద్దరు చూసుకుంటున్న లిఫ్టు. ఏ ఒక్కరూ చూడలేదు. లోపల నేనున్నాను."

ఆకురాయి ఆగింది. మామయ్య ఆమె మొహంలోకి అప్పుడు చూశాడు. పైనుంచి కిందికి, దెబ్బలేమైనా తగిలాయేమో అన్నట్టు చూశాడు. చేతిలో రోలరు బల్ల మీద పెట్టబోతే జారి కిందపడింది. తీయలేదు.

అప్పుడు చెప్పుకొచ్చాడు. రేపటినుంచి తనే ప్రతి చేబదులు లిఫ్టుకూ వెళ్లి తాడు చూస్తాడట. ఇద్దరినీ కూర్చోబెట్టి మెల్లగా ఒకరికి ఒప్పజెప్పిస్తాడట. ఏడాదిలో అంతా సర్దేస్తాడట. ఈలోగా కొత్త లిఫ్టులు రావా, వచ్చి ఆ ఖాళీ పూడదా అన్నాడు. ఆయన చెప్పేదంతా నమ్మి చెప్తున్నాడని ఆమెకు తెలుస్తూనే ఉంది. అందుకే ఇంకా బాధేసింది.

"ఇవాళ్టికి సంతకం పెట్టు తల్లీ," అన్నాడు చివరికి. "వాళ్ల చేతుల్లో ఇప్పుడు షాపుల్లేవు. నీ కాగితాలే ఉన్నాయి. అవి చెల్లకపోతే ఈ వయసులో మళ్లీ ఎవరి దగ్గర స్పానరు పట్టుకుంటారు? నామీద నమ్మకంతో ఇచ్చారు. రేపు ఎవరైనా అడిగితే, ముసలాడు తప్పు లెక్క ఇచ్చాడని చెప్పు. నన్నే పట్టుకెళ్లమను."

"ఇవాళ నాకు తెలిసిపోయింది కదా మామయ్యా," అందామె. "రేపు తెలియదని ఎలా చెప్పను?"

మామయ్య లేచి చేతులు కడుక్కుని ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. ఇద్దరూ ఒకే కారులో వెళ్లారు. దారిపొడవునా ఆమె నాన్న షాపు లిఫ్టుల్ని ఒక్కొక్కటిగా గుర్తుచేసుకుంది.

సభ పెట్టిన హాలు బయట నడవాలో బ్యాంకరు ఎదురయ్యాడు. చొక్కా మార్చుకున్నాడు. కొత్త అల్లుడిలా మెరిసిపోతున్నాడు. మామయ్యను లోపలికి పోనిచ్చి, ఆమెను కిటికీ దగ్గర ఆపాడు. మొహం చూస్తే ఏదో కంగారులో ఉన్నట్టున్నారే అని పరామర్శించాడు. ఆమె ఏం చెప్పాలా అని తడుముకుంటుంటే, అతనే నవ్వాడు.

"లిఫ్టులో నేనేమీ చూడలేదు మేడమ్," అన్నాడు. "మీరూ చూడలేదు. కరెంటు లేదు కదా."

అంతవరకూ సంగతి తమ నలుగురి మధ్యే ఉందనుకుంది ఆమె. ఇతను చూశాడు, లెక్క వేసుకున్నాడు, చొక్కా మార్చుకుని వచ్చి నిలబడ్డాడు. అతనికి రావాల్సిన కమీషను సంతకం అయితేనే వస్తుంది. ఆ తర్వాత ఏ ముసలమ్మ తన పొదుపు తెచ్చి ఈ వాటాలు కొంటుందో అతను చూడడు, ఆ ముసలమ్మ ఇతన్ని చూడదు. చూసేది కాగితం మీద చిన్నమ్మాయి పేరు.

హాలు నిండిపోయింది. షాపులు ఇచ్చినవాళ్లందరూ ఉతికిన చొక్కాలతో, గోళ్లలో పోని గ్రీజుతో వరసల్లో కూర్చున్నారు. కొందరు భార్యల్ని కూడా తెచ్చుకున్నారు. వేదిక మీద పెద్దమేడమ్. ఆవిడ గొంతు పెంచడం ఎవరూ వినలేదు, పెంచాల్సిన అవసరమూ ఎప్పుడూ రాలేదు. ముందు కాగితాల కట్ట, పక్కన కలం. చిన్నమ్మాయి వెళ్లి కుర్చీలో కూర్చుంది. బ్యాంకరు సంతకం పెట్టాల్సిన చోటు తెరిచి ముందుకు జరిపాడు.

ఆమె కలం చేతిలోకి తీసుకుంది. ముందు వరసలో సోడాబుడ్డి, పక్కన పొడుగాయన. వాళ్ల కళ్లలో ఆశ. పెట్టేస్తే పోతుంది కదా అని ఒక్క క్షణం నిజంగానే అనుకుంది. తర్వాత కలం కింద పెట్టి లేచి నిలబడింది.

"సంతకానికి ముందు ఒక మాట అడగాలి," అంది. "మీలో ఎవరి లిఫ్టులు ఇంకొకరి దగ్గర చేబదులుగా ఉన్నాయో, వాళ్లు చెయ్యెత్తండి."

అడక్కూడని మాట, అందరి ముందూ, ఆడవాళ్ల ముందు అడిగేసింది. హాలు బిర్రబిగుసుకుపోయింది. బ్యాంకరు మొహంలో మెరుపు పోయింది. చేబదులంటే ఏమిటని పెద్దమేడమ్ నెమ్మదిగా అడిగారు. ఎవరూ చెప్పలేదు. సోడాబుడ్డి చెయ్యి ఒళ్లోంచి లేచింది. పొడుగాయన చెయ్యి కూడా కదిలింది. వెనక ఒకటి రెండు మోచేతులు కుర్చీల మీంచి లేచాయి.

"ఎవరూ చెయ్యెత్తకండి."

చివరి వరసలోంచి మామయ్య. అరవలేదు, షాపులో కుర్రాళ్లకు చెప్పినట్టే చెప్పాడు. లేచిన చేతులన్నీ దిగిపోయాయి. సోడాబుడ్డి చెయ్యి దారిలో ఏం చెయ్యాలో తెలియక తల గోక్కుంది.

చిన్నమ్మాయి అంతదూరం నుంచి మామయ్యను చూసింది. తనను కాపాడటానికే అన్నాడు, వాళ్లను కాపాడటానికే అన్నాడు. ఆ మాట ఇప్పటిదాకా ఎప్పుడూ కాదనలేదు ఆమె. ఇప్పుడు తన చెయ్యే ఎత్తింది.

"నావి ఉన్నాయి," అంది. "నాన్న మంచాన పడ్డప్పుడు మామయ్యకు అప్పజెప్పినవి. అవీ చేబదులేనని వచ్చే దారిలోనే తట్టింది. మా షాపు లెక్కలోనూ ఉన్నాయి, ఆయన షాపు లెక్కలోనూ ఉన్నాయి. ఒక్క లిఫ్టును రెండని రాసి, దాన్ని కొనమని జనానికి నేను చెప్పలేను. ప్రతి లిఫ్టు దగ్గరికీ వెళ్లి, ఒక్కొక్కటీ ఎవరిదో తేల్చాక సంతకం పెడతాను."

చేబదులంటే ఏమిటో పెద్దమేడమ్‌కు ఇక ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. ఎన్నాళ్లు పడుతుందని అడిగారు. చెప్పలేనంది చిన్నమ్మాయి. గడువు ఇవాళ్టితో సరి అని గుర్తుచేశారు. తెలుసంది. ఆవిడ కళ్లద్దాలు సవరించుకుని, కోపం లేకుండా, విచారం కూడా లేకుండా, అయితే ఆ కుర్చీ ఇక మీది కాదన్నారు. ఒప్పందంలో ఉన్నదే. హాల్లో ఎవరో ఆడమనిషి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

చిన్నమ్మాయి కుర్చీ వదిలి పక్కకు జరిగింది. ఇంత తేలికగా ఉంటుందని ఆమె అనుకోలేదు. పోయింది పోయింది, తాడు తెగి ఎవరూ చావలేదు అనుకుంది.

కానీ పెద్దమేడమ్ తెలివితక్కువ మనిషి కాదు. ఎవరి మాటకు చేతులు దిగాయో ఆవిడ కళ్లారా చూశారు. కాగితాల కట్ట తనవైపు తిప్పుకుని, చివరి వరస వైపు చూశారు.

"ఆ లెక్క ఇచ్చింది మీరేనటగా," అన్నారు మామయ్యతో. "అది సరైనదేనని మీరు సంతకం పెడితే, ఈ కుర్చీ మీది. వీళ్లందరికీ రావాల్సింది వీళ్లకు వస్తుంది."

వరసలన్నీ ఒక్కసారి వెనక్కి తిరిగాయి. పొడుగాయన రెండు చేతులూ జోడించాడు. చిన్నమ్మాయికి మాత్రం భయం వెయ్యలేదు. పైగా నవ్వొచ్చింది. తను కూర్చున్న కుర్చీలో, తనను లేపేసి, మామయ్య కూర్చోవడమా. ఆయన సంగతి ఈవిడకేం తెలుసు? ఇప్పుడు లేస్తాడు, నాకొద్దమ్మా అంటాడు, చెప్పులేసుకుని షాపుకు పోతాడు.

మామయ్య లేచాడు. వేదిక వైపు చూశాడు. వరసల్లో తనవైపు తిరిగిన మొహాలు ఒక్కొక్కటీ చూశాడు. చిన్నమ్మాయి వైపు మాత్రం చూడలేదు.

కాదని మాత్రం అనలేదు.